తాతగారి రివాల్వరు, ఒకే ఒక్క లైసెన్సు

చాట్స్‌వర్త్‌లోనైనా, ఫీనిక్స్‌లోనైనా, టొంగాట్, వెరులం పట్టణాలలోనైనా, పెళ్ళి భోజనాలయ్యాక మనవారు నలుగురు ఒకచోట చేరితే మాట ముందు ధరల మీదికి, తరువాత దొంగతనాల మీదికి, ఆ పైన తుపాకుల మీదికి పోతుంది. ఈ మధ్య ఆ మాటలలో ఒక ప్రశ్న తరచుగా మా చెవిన పడుతున్నది. "తాతగారి సింగిల్ యాక్షన్ రివాల్వరు బీరువాలో ఉన్నది. ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. దానినే చొక్కా క్రింద పెట్టుకొని రోజూ తిరిగితే సరిపోదా? వేలు పోసి క్రొత్తది కొనడం దేనికి?"

మాలో తుపాకి ఉన్నవారున్నారు, దానిని ఇంటి గడప దాటనివ్వనివారూ ఉన్నారు. ఐనా ఈ ప్రశ్నకు మా అందరి జవాబూ ఒకటే. వద్దు. ఆ రివాల్వరు చెడ్డదని కాదు. ఈ దేశపు చట్టం, మన వీధుల పరిస్థితి, ఆ యంత్రపు స్వభావం, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు.

తెలుగు మరల నేర్చుకొంటున్న పాఠకుల కోసం ముందు నాలుగు మాటలు. తుపాకి అన్న పదం కూడా మనవలెనే ప్రయాణం చేసి వచ్చినది. తురుష్కుల భాషనుండి బయలుదేరి, అనేక దేశాలు దాటి, తెలుగులో స్థిరపడింది. తుపాకిలో పెట్టి పేల్చేది తూటా. రివాల్వరులో తూటాలు ఒక గుండ్రని దిమ్మలో ఉంటాయి. ఆ దిమ్మ పేరు సిలిండరు. దానిలో ఐదో ఆరో గదులుంటాయి, గదికొక తూటా. వెనుకవైపు చిన్న సుత్తి వంటిది ఉంటుంది, అది హ్యామరు. వ్రేలితో లాగే మీట ట్రిగ్గరు.

డబుల్ యాక్షన్ అనే రకంలో ట్రిగ్గరును బలంగా లాగితే చాలు. సిలిండరు తిరుగుతుంది, హ్యామరు లేస్తుంది, పడుతుంది, తూటా పేలుతుంది. సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గరు చేసే పని ఒక్కటే, లేచి ఉన్న హ్యామరును వదలడం. దానిని లేపవలసినది మన బొటనవ్రేలు. ఒకసారి కాదు, ప్రతి తూటాకూ లేపవలసిందే. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1873లో సైన్యానికి ఇచ్చిన రివాల్వరు ఈ జాతికి మూలపురుషుడు. కౌబాయ్ సినిమా ఒక్కటి చూసినవారైనా దాని రూపును గుర్తుపడతారు. ఇటలీలో ఉబెర్టీ, అమెరికాలో రూగర్ ఇప్పటికీ ఆ తీరు రివాల్వర్లను తయారు చేస్తున్నాయి.

ఇక చట్టం. 1969 నాటి ఆయుధాల చట్టం స్థానంలో మన దేశంలో 2000వ సంవత్సరపు తుపాకుల నియంత్రణ చట్టం వచ్చింది. అది 2004 జూలై 1 నుండి అమలులో ఉన్నది. ఆత్మరక్షణ కోసం తుపాకి కోరేవారికి దానిలోని 13వ సెక్షను వర్తిస్తుంది. ముందుగా శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, పోలీసులనుండి యోగ్యతాపత్రం తీసుకోవాలి. అందుకు సాధారణంగా 21 ఏళ్ళు నిండి ఉండాలి. తరువాత, తనకు ఆత్మరక్షణ అవసరమున్నదనీ, తుపాకి లేకుండా ఆ అవసరం మరొక విధంగా తీరే అవకాశం లేదనీ రిజిస్ట్రారును ఒప్పించాలి. ఆ రిజిస్ట్రారు వేరెవరో కాదు, జాతీయ పోలీసు కమిషనరే. ఇంత చేసినా ఈ సెక్షను క్రింద ఒక మనిషికి దొరికేది ఒకే ఒక్క లైసెన్సు. దాని ఆయుష్షు ఐదేళ్ళు. గడువు తీరడానికి 90 రోజుల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టాలి.

అంతా ఈ "ఒకే ఒక్క" అన్నచోటనే ఉన్నది. సింగిల్ యాక్షన్ రివాల్వరును నడుముకు కట్టుకొని తిరగవచ్చునా అన్న చర్చ అమెరికాలో ఎంతోకాలంగా జరుగుతున్నది. మన కుర్రవాళ్ళు ఆ వీడియోలు చూసి ఉత్సాహపడుతున్నారు. కాని అక్కడ ఆ మాట చెప్పేవాని ఇంట్లో మరొక పది తుపాకులు ఉండవచ్చు. వేసవిలో ఒకటి, చలికాలంలో ఒకటి, ఆదివారం సరదాకు ఇంకొకటి. నచ్చకపోతే మార్చుకొంటాడు. మనకు ఆ సావకాశం లేదు. ఆ ఒక్క చోటును 1873 నాటి పద్ధతితో నింపితే, ప్రాణం మీదికి వచ్చిననాడు చేతిలో ఉండేది అదే.

ఆంధ్రనుండి చుట్టపుచూపుగా వచ్చినవారికి ఇదంతా వింతగా ఉంటుంది. అక్కడ మామూలు కుటుంబీకుడు తుపాకిని చేతితో తాకకుండానే జీవితం గడిపేస్తాడు. లైసెన్సు ఉన్న కొద్దిమంది కూడా ఎన్నికలు వచ్చాయంటే ఆయుధాన్ని పోలీసు ఠాణాలో అప్పగించవలసి వస్తుంది. వారి ఆశ్చర్యాన్ని మేము తప్పు పట్టము. కాని వారు రాత్రి ఎనిమిదింటికి ఇంటి గేటు ముందు కారు ఆపి, అది తెరుచుకొనేదాకా వెనుక అద్దంలో చూస్తూ కూర్చొన్నవారు కారు. 2023-24 పోలీసు సంవత్సరంలో దక్షిణాఫ్రికాలో నమోదైన హత్యలు 27,621. రోజుకు 75కు పైగా అన్నమాట. హత్యలలో ఎక్కువగా వాడబడుతున్న ఆయుధం తుపాకే. కావున భయపడేవారిని పిరికివారని ఎవరూ అనలేరు.

ఇక తాతగారి రివాల్వరు సంగతి. తాతగారి లైసెన్సు తాతగారితోనే ముగిసింది. ఇల్లు, నగలు సంక్రమించినట్లు అది సంక్రమించదు. ఆస్తిని పంచే బాధ్యత ఉన్నవారు ఆ తుపాకిని భద్రంగా ఉంచాలి, వారసుడు తన పేర క్రొత్తగా లైసెన్సు తెచ్చుకోవాలి. లేదా లైసెన్సు ఉన్న వ్యాపారికి అమ్మవచ్చు, పోలీసులకు అప్పగించవచ్చు, లేదా పేలకుండా చేయించి జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు. "ఎవరికీ తెలియదు కదా, బీరువాలోనే ఉంది కదా" అనేవారు మనలో చాలామంది ఉన్నారు. అది నేరం. గడువు తీరిన లైసెన్సుతో తుపాకి ఉంచుకోవడం కూడా నేరమే. ఆ నిబంధన రాజ్యాంగవిరుద్ధమన్న వాదనను రాజ్యాంగ న్యాయస్థానం 2018 జూన్‌లో త్రోసిపుచ్చింది.

మాలో ఒకరి పెదనాన్నగారు పోయాక అటువంటి రివాల్వరు ఒకటి దొరికింది. పాత తువ్వాలులో చుట్టి, పంచెల మడతల క్రింద ఉన్నది. అదృష్టవశాత్తూ 2020లో పోలీసుల క్షమాభిక్ష కాలం నడుస్తున్నది. ఆగస్టు 1 నుండి మరుసటి సంవత్సరం జనవరి 31 వరకు లైసెన్సు లేని తుపాకులను అప్పగించేందుకు అవకాశమిచ్చారు. ఠాణాలో ఉద్యోగి దానిని తెరిచి చూస్తే ఆరు గదులలోనూ తూటాలున్నాయి.

ఆరు గదులుంటే ఆరు తూటాలు నింపరా అని పాఠకులు అడగవచ్చు. పాత పద్ధతి సింగిల్ యాక్షన్‌లో నింపకూడదు. దానిలో హ్యామరు ముక్కు సరాసరి తూటా అడుగున ఉన్న మందుబిళ్ళ మీద ఆని ఉంటుంది. రివాల్వరు నేల మీద పడి హ్యామరుకు దెబ్బ తగిలితే చాలు, ఎవరూ ట్రిగ్గరును ముట్టకుండానే పేలవచ్చు. అందుకే తెలిసినవారు ఐదే నింపి, హ్యామరును ఖాళీ గది మీద ఉంచేవారు. రూగర్ కంపెనీ 1973లో మధ్యన అడ్డుపట్టీ పెట్టి ఈ ప్రమాదాన్ని తొలగించింది. ట్రిగ్గరు లాగినప్పుడు మాత్రమే ఆ పట్టీ పైకి లేచి హ్యామరు దెబ్బను తూటాకు అందిస్తుంది. కాని 1873 నమూనాను ఉన్నదున్నట్లు అనుసరించిన రివాల్వర్లలో అనేకం ఇప్పటికీ పాత పద్ధతివే. పెదనాన్నగారి ఇంట్లో మనుమలు ఆ బీరువా తలుపు ఎన్నిసార్లు తీశారో తలచుకొంటే మాకు ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నడుముకు కట్టుకొని తిరగడం మరొక కథ. 84వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతితుపాకిని ఒంటికి బిగించిన ఒరలోగాని, భుజసంచి వంటిదానిలోగాని ఉంచాలి. అది పూర్తిగా కప్పబడి ఉండాలి, మోసేవారి అదుపులో ఉండాలి. అనగా మన దేశంలో తుపాకి దాచుకొని తిరగడం ఇష్టాయిష్టాల విషయం కాదు, చట్టం విధించిన నియమం. డర్బన్ ఎండలో, చెమటకు అంటుకొనే పలుచని చొక్కా క్రింద, నాలుగున్నర అంగుళాలు దాటిన గొట్టం, తూటాలతో కలిపి కిలోకు మించిన బరువు! ఎంత దాచినా ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంటుంది. సముద్రపు గాలి, ఒంటి చెమట కలిసి పాత ఉక్కును ఎంత త్వరగా త్రుప్పు పట్టిస్తాయో తీరాన ఉండేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అరచేతిలో ఇమిడిపోయే సింగిల్ యాక్షన్ రివాల్వర్లు కూడా లేకపోలేదు. కాని వాటి పిడి రెండు వ్రేళ్ళకు చాలదు, హ్యామరు బుడిపె గోరంత ఉంటుంది, తూటా బలహీనమైనది.

దాడి జరిగే తీరును తలచుకోండి. ఇంటి వాకిట్లో, కారులో, పట్టీ బిగించి కూర్చొని ఉన్నారు. కిటికీ దగ్గర ఇద్దరు. ఎడమచేయి వెనుక సీటులో ఉన్న బిడ్డను అదుముతున్నది. ఉన్నది ఒక్క కుడిచేయి. దానితోనే చొక్కా ఎత్తాలి, బయటికి తీయాలి, బొటనవ్రేలితో హ్యామరు లేపాలి, కాల్చాలి, మరల లేపాలి. మైదానంలో ఎండపూట సాధన చేసినవారికి ఇది సెకనులో పని. చేతులు వణికేటప్పుడు బొటనవ్రేలు జారుతుంది. ఐదు తూటాలు అయిపోతే ప్రక్కనున్న చిన్న తలుపు తీసి, ఖాళీ గొట్టాలను ఒక్కొక్కటిగా పుల్లతో నెట్టి, ఒక్కొక్కటిగా క్రొత్తవి పెట్టాలి. ఆ సమయం ఎవరూ ఇవ్వరు.

సింగిల్ యాక్షన్‌ను మెచ్చుకొనేవారి మాటలో నిజం లేదని మేము అనము. అది గట్టి యంత్రం. ఒక తూటా పేలకపోతే మరల హ్యామరు లేపితే తరువాతి తూటా సిద్ధం. హ్యామరు లేచాక ట్రిగ్గరు ఒకటిన్నర రెండు కిలోల బలానికే కదులుతుంది గనుక గురి చక్కగా కుదురుతుంది. కీళ్ళనొప్పులున్న పెద్దవారికి పిస్టలు పైభాగాన్ని వెనక్కు లాగడం కష్టం, డబుల్ యాక్షన్ ట్రిగ్గరు ఐదు కిలోల దాకా బలం కోరుతుంది. అటువంటివారికి ఇది అనువని తోచడం సహజం. కాని డబుల్ యాక్షన్ రివాల్వర్లలో చాలావాటికి హ్యామరును బొటనవ్రేలితో లేపుకొనే వీలు కూడా ఉన్నది. సింగిల్ యాక్షన్ ఇచ్చే సౌకర్యం వాటిలో ఎలాగూ దొరుకుతుంది. సింగిల్ యాక్షన్‌లో లేనిది వాటిలో అదనం.

మరొక వాదం ఉన్నది. దానిని ఇంకొంచెం శ్రద్ధగా విన్నాము. "అది నిదానమైనది కాబట్టే మంచిది. హ్యామరు లేపేలోపల మనిషి ఆలోచిస్తాడు. తొందరపడి ఎవరినీ చంపడు" అంటారు. వినడానికి బాగుంది. కాని ఆ నిదానం ఉండవలసిన చోట లేదు. తుపాకి బయటికి తీయడానికి ముందు ఆలోచన కావాలి. తీసి, హ్యామరు లేపిన మరుక్షణం అది చాలా తేలికగా పేలే స్థితికి వస్తుంది. సరిగా అప్పుడే ఎదుటివాడు వెనుదిరిగి పరుగెత్తాడనుకోండి. చేతిలో లేచిన హ్యామరు, తేలిక ట్రిగ్గరు, గుండె దడ. కాల్చకుండా ఉండాలంటే ట్రిగ్గరు లాగి, హ్యామరును బొటనవ్రేలితో పట్టుకొని మెల్లగా దింపాలి. తూటా ఉన్న గది మీదికి, వణికే చేతితో! అది జారితే తూటా ఎటు పోతుందో, ఎవరికి తగులుతుందో.

మన చట్టం మనిషిని కొలిచేది ఆ క్షణంలోనే. దాడి మొదలై ఉండాలి లేదా వెంటనే జరగబోతూ ఉండాలి, ఎదురుదెబ్బ తప్పనిసరి కావాలి, దాడికి తగినంతే ఉండాలి. పారిపోయేవాని వీపు మీద కాల్చినది ఆత్మరక్షణ అనిపించుకోదు. లేడీ ఫ్రేర్ పట్టణంలో తమ బేకరీలో దొంగలు పడితే, పారిపోతున్నవారి మీద తండ్రీకొడుకులు కాల్పులు జరిపారు. ఒకడు మరణించాడు. ఆ వాల్టర్స్ కేసులోనే రాజ్యాంగ న్యాయస్థానం 2002లో, పారిపోయే నిందితుని పట్టుకొనే పేరిట చంపడాన్ని సమర్థించిన పాత నిబంధనను కొట్టివేసింది. ఆ తండ్రీకొడుకులు కూడా మన కిరాణా దుకాణదారుల వంటివారే. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని మన పెద్దలన్నది ఇటువంటి చోటనే గుర్తుకు రావాలి. ఇక్కడ కడుగవలసినది అడుసు కాదు, హత్యానేరం.

ఇదంతా యంత్రం మాట, చట్టం మాట. మన మాట ఒకటి మిగిలే ఉన్నది. 1860 నవంబరులో ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరిననాటినుండి చెరకు తోటలలో తుపాకి యజమాని దగ్గర ఉండేది, మన తాతముత్తాతల చేతిలో చెరకు కత్తి ఉండేది. 1949 జనవరిలో డర్బన్ అల్లర్లు చెలరేగినప్పుడు ఇళ్ళు, దుకాణాలు తగులబడ్డాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం 142 మంది చనిపోయారు. తలుపులు బిగించుకొని కూర్చొన్న ఆ రాత్రుల కథ వినకుండా పెరిగినవారు మనలో తక్కువ. అదే లెక్కలో మృతులలో సగానికిపైగా ఆఫ్రికన్లేనన్న మాట మాత్రం ఆ కథలలో అంతగా వినబడదు.

2021లో రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. మే నెలలో ప్రభుత్వం చట్టసవరణ ముసాయిదా ప్రకటించింది. ఆత్మరక్షణ కోసం లైసెన్సు ఇవ్వడాన్నే అది రద్దు చేయదలచింది. లక్షకుపైగా అభిప్రాయాలు వెల్లువెత్తాయి, ఎక్కువ భాగం వ్యతిరేకిస్తూనే. జూలైలో క్వాజులు-నటాల్, గౌటెంగ్ రాష్ట్రాలలో అల్లర్లు, దోపిడులు చెలరేగి 350కి పైగా ప్రాణాలు పోయాయి. పోలీసులు కనబడని ఆ రోజులలో ఫీనిక్స్ వీధులలో అడ్డుకట్టలు కట్టి కాపలా కాసినవారిలో మన బంధువులూ ఉన్నారు. ఆ ఫీనిక్స్‌లోనే 36 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఆఫ్రికన్లు, చాలామంది తుపాకి గుండ్లకే బలియైనారు. కొందరిపై హత్యానేరాలు మోపబడ్డాయి. తుపాకి ఉండబట్టి బ్రతికామన్నవారు నిజమే చెబుతున్నారు. ఇంటికి నడిచిపోతున్న తమ కొడుకును ఎందుకు కాల్చారని అడిగే తల్లులు కూడా నిజమే చెబుతున్నారు. ఈ రెంటిలో ఒకటే వినిపించే సభలకు వెళ్ళడం మేము మానుకొన్నాము.

మేము ఇది వ్రాసేనాటికి ఆ ముసాయిదా చట్టం కాలేదు, పూర్తిగా మరుగునా పడలేదు. 13వ సెక్షను ఉండాలనే మా అభిప్రాయం. పోలీసులు సమయానికి రాని ఊళ్ళలో దానిని తీసివేస్తే చట్టాన్ని పాటించేవారి చేతులే ఖాళీ అవుతాయి. కాని ఆ హక్కును నిలబెట్టేది ఊరేగింపులకంటె, లైసెన్సు ఉన్నవారి నడవడి. పౌరుల చేతినుండి ఏటా వేలసంఖ్యలో తుపాకులు దొంగిలించబడుతున్నాయి లేదా పోతున్నాయి. అవే తిరిగి వీధులలో ప్రత్యక్షమౌతాయి. సరిగా దాగని, త్వరగా చేతికి రాని రివాల్వరు ముందుగా దొంగ కంట పడుతుంది. అప్పుడు వాడు కారు కోసం కాదు, దానికోసమే వస్తాడు.

సింగిల్ యాక్షన్ మీద మనసున్నవారు దానిని క్రీడాలక్ష్యాల సెక్షను క్రింద ఉంచుకొని, మైదానంలో ఆదివారం కాల్చుకోవచ్చు. అందులో ఆనందమున్నదని మాలో ఒకరు ఒప్పుకొన్నారు కూడా. ఆత్మరక్షణకు తీసుకొనే ఆ ఒక్క లైసెన్సును మాత్రం చిన్న డబుల్ యాక్షన్ రివాల్వరుకో, మంచి పిస్టలుకో కేటాయించి, నెలకొకసారైనా సాధన చేయాలి. నింపిన తుపాకితో ఎవరైనా నేర్పుతామంటే ఒప్పుకోవద్దు, యోగ్యత ఉన్న శిక్షకుని దగ్గరకే వెళ్ళండి.

పెదనాన్నగారి మనుమరాలు అలాగే చేసింది. శిక్షణ ముగించి, యోగ్యతాపత్రం తెచ్చుకొని, ఐదు గదుల డబుల్ యాక్షన్ రివాల్వరుకు దరఖాస్తు పెట్టింది. ఇంకా జవాబు రాలేదు. అందాకా పని ముగించుకొని వెరులం చేరేసరికి చీకటి పడితే, గేటు దగ్గర ఆపకుండా ముందుకు సాగి, వీధి చివర ఒక చుట్టు తిరిగి, వెనుక ఎవరూ లేరని చూసుకొని లోపలికి వస్తుంది.